లైటు పట్టే మనిషి

“కూర పెట్రోలు కంపు కొడుతోంది” అంది మా అత్తగారు, కంచం ఒక అంగుళం ముందుకు నెట్టి. కంపు కొట్టిన ఆ కూరే మళ్ళీ వడ్డించుకుంది, అది వేరే సంగతి. నేను చేతులు తోముకుని, గోళ్ళ సందులు కూడా బ్రష్షుతో గీక్కుని గానీ పొయ్యి దగ్గరికి వెళ్ళను. అయినా ఆవిడకి వాసన వస్తుంది. ఆ వాసన నా చేతుల్లో లేదు, నా మీద ఆవిడకున్న అభిప్రాయంలో ఉంది. దాన్ని వదిలించే సబ్బు ఇంకా బజారులోకి రాలేదు.

“అదేం లేదులే అమ్మా, తిను” అన్నాడు మా ఆయన ఫోనులోంచి తలెత్తకుండా. నన్ను వెనకేసుకొచ్చాడనుకునేరు. తర్వాతి మాట వినండి. “వాసనంటే గుర్తొచ్చింది, రేపు పొద్దున రేసు జట్టు పెద్దమేస్త్రీ వస్తున్నాడు. వంటింటి బల్ల మీద ఉన్నవన్నీ తీసి అలమరలో పెట్టెయ్. పొరపాటున లోపలికి తొంగిచూశాడంటే బావుండదు.”

వంటింటి బల్ల సంగతి చెప్పాలి. మా ఇంటి ముందు భాగం షెడ్డు, వెనక భాగం ఇల్లు. షెడ్డులో కార్లకి వేగం పెంచుతారు. ఎవరు పెంచుతారంటే, బోర్డు మీద మా ఆయన బొమ్మ ఉంది. కారుకి పెద్ద టర్బో పెడితే ఇంజను ఎక్కువ గాలి పీలుస్తుంది. ఎక్కువ గాలికి ఎక్కువ పెట్రోలు కావాలి. ఇప్పటి కార్లలో ఆ పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి చిమ్మాలి కాబట్టి, దాన్ని బాగా ఒత్తి పంపడానికి ఇంజను మీద పిడికిలంత పంపు ఒకటి ఉంటుంది. హై ప్రెషర్ పంపు. పాత ఇంజనుకి సరిపడా చేసిన ఆ పంపు, కొత్త ఇంజను ఆకలికి చాలదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కేసరికి ప్రెషర్ పడిపోతుంది, ఇంజను దగ్గుతుంది, ఒక్కోసారి పిస్టన్ కరిగిపోతుంది కూడా. అందుకని పంపు విప్పి, లోపల పెట్రోలుని తోసే కడ్డీ, అంటే ప్లంజరు, తీసి లావుపాటిది వేసి, దానికి తగ్గట్టు స్ప్రింగూ వాల్వులూ మార్చి, పెట్రోలు లోపలికొచ్చే దారి నున్నగా చెయ్యాలి. ఈ పనికి దుమ్ము పెద్ద శత్రువు. కంటికి కనపడని నలుసు చాలు, ప్లంజరు గీసుకుపోవడానికి. షెడ్డు నిండా దుమ్మే. దుమ్ములేని చోటు ఇల్లు మొత్తానికి ఒక్కటే, నేను పొద్దునా సాయంత్రం తుడిచి ఆరబెట్టే వంటిల్లు.

మా ఆయన కస్టమర్లతో ఏమంటాడో తెలుసా? “నాకు లోపల ఒక ప్రత్యేకమైన గది ఉందండీ. పంపులు అక్కడే చేస్తాను. ఎవర్నీ రానివ్వను. మా ఆవిణ్ణి కూడా.” ఈ మాట ఆయన అంటున్నప్పుడు నేను ఆ గదిలోనే ఉంటాను. ఒక పక్క అన్నం ఉడుకుతున్నప్పుడు పంపు తియ్యను, ఆవిరి పనికిరాదు. పొయ్యి ఆర్పి, బల్ల తుడిచి, నూలు రాలని గుడ్డ పరిచి, దాని మీద ప్లంజరు పెట్టి కూర్చుంటాను. ఉప్పు డబ్బా, పంచదార డబ్బా, నేనూ ఉండే ఆ ప్రత్యేకమైన గదిలోకి నిజంగానే ఎవరూ రారు. మంచినీళ్ళు కావాలన్నా గుమ్మం అవతల నించుని కేకేస్తారు.

ఈ పని నాకు ఆయన నేర్పలేదు. పెళ్ళికి ముందు నేను మా మేనమామ దగ్గర డీజిలు పంపులు బాగుచేసేదాన్ని. పెళ్ళి మాటలప్పుడు మామయ్య గర్వంగా ఆ సంగతి చెబితే, “ఆ ఖర్మ మా ఇంట్లో ఉండదు లెండి, కూర్చోబెట్టి చూసుకుంటాం” అంది మా అత్తగారు. అన్న మాట నిలబెట్టుకుంది. కూర్చోబెట్టింది. బల్ల మారిందంతే.

ఎలా మొదలైందో కూడా చెప్తాను. మా ఆయన మొట్టమొదటిసారి ఇలాంటి పంపు బిగించినప్పుడు దాని చెవి విరిగింది. చెవంటే బోల్టు పట్టే అంచు. ఆయన పంపు గోడకేసి కొట్టి, కంపెనీ వాళ్ళని తిట్టి, వెళ్ళి పడుకున్నాడు. నేను గోడవార పడ్డది ఏరుకొచ్చి చూశాను. ఎందుకు విరిగిందో ఒక్క చూపులో తెలిసిపోయింది. మర్నాడు చెప్పబోతే వినకుండా, “నీ చేతులు సన్నగా ఉంటాయి కదా, ఆ వెనక బోల్టు కాస్త అందుకో” అన్నాడు. ఆ ‘కాస్త’తో మొదలైంది. కాస్త ఈ స్ప్రింగు చూడు. కాస్త ఈ వాల్వు కడుగు. ఇవాళ నాకు బయట పనుంది, కాస్త ఈ పంపు నువ్వే కానిచ్చెయ్. ఆయనకి బయట పని పెరుగుతూ పోయింది. కస్టమర్లతో మాట్లాడ్డం, రేసులకెళ్ళి నలుగురితో ఫొటోలు దిగడం, ఇంజను పక్కన చేతులు కట్టుకుని నించోవడం. ఇన్నేళ్ళలో నా చేతి మీదుగా వెళ్ళిన పంపులన్నీ ఆ ‘కాస్త’లోకే వచ్చాయి. ఆయన చేస్తే పని, నేను చేస్తే సాయం. సాయానికి పేరు పెట్టమని అడిగితే మనిషిలో ఏదో లోపం ఉందంటారు.

లోపమంటే ఇంకోటి గుర్తొచ్చింది. “ఆ పెట్రోలు పీల్చీ పీల్చీ కడుపు పండకుండా పోయింది” అంది ఒకసారి మా అత్తగారు, పక్కింటావిడ ముందు. మా ఆయన అక్కడే ఉన్నాడు, గోళ్ళు గిల్లుకుంటూ. డాక్టరు ఎవరి రిపోర్టు చూసి తల అడ్డంగా ఊపాడో ఆయనకి తెలుసు, నాకు తెలుసు. ఆయన నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఇదిగో ఇలా, ఈ ఇంట్లో ఆయన చేతకానితనాలన్నీ నేనే మోస్తున్నాను. పనికొచ్చేవన్నీ ఆయన పేరునా, పనికిరానివన్నీ నా పేరునా రాసేశారు.

ఒక కస్టమరు ఉండేవాడు, కవిత్వం పిచ్చి. పంపు ఎంత ఒత్తిడి తట్టుకుంటుందో మా ఆయన చెబుతుంటే విని, “ఆడదాని మనసు కూడా ఇలాంటిదే సార్, ఎంత ఒత్తిడైనా భరిస్తుంది” అన్నాడు. నేను అప్పుడే టీ తీసుకెళ్ళాను. ఒళ్ళు మండింది. పంపు భరించదు బాబూ. దానికో హద్దుంది. హద్దు దాటితే ఒక వాల్వు తెరుచుకుని ఎక్కువైనదంతా వెనక్కి వదిలేస్తుంది. అంత తెలివిగా తయారుచేశారు దాన్ని. భరించాలని ఏ ఇంజనీరూ ఏ వస్తువునీ తయారుచెయ్యలేదు. ఇవన్నీ అనకుండా టీ ఇచ్చి లోపలికొచ్చాను. అతను టీ బావుందని మెచ్చుకున్నాడట.

ఇక మళ్ళీ ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గరికి వద్దాం.

“పెద్దమేస్త్రీ ఎందుకొస్తున్నాడు?” అన్నాను.

“మన పంపులు వాళ్ళ కార్లలో సీజనంతా నిలబడ్డాయట. వాళ్ళకి సొంతంగా పంపుల మనిషి కావాలట. వాళ్ళ షెడ్డులోనే ఉండి చెయ్యాలి. ఇల్లు వాళ్ళే ఇస్తారు. రేపు ఒక కారు తెస్తాడు. తన కళ్ళముందు పంపు బిగించి చూపిస్తే చాలు, ఖాయం చేసేస్తానన్నాడు.”

“పంపుల మనిషా?”

“ఆఁ.”

“అంటే నేనేగా?”

మా ఆయన ఫోను పక్కన పెట్టాడు. జోకు విన్నట్టు నవ్వాడు. “నువ్వూ వస్తావే పిచ్చిదానా. నిన్నొదిలేసి వెళ్తానా? అక్కడ వంటా అదీ చూసుకుంటావు. పంపులు మామూలే.”

పంపులు మామూలే. ఆ రెండు మాటలూ విని, కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాను.

“ఒక్కసారి అతనికి చెప్పండి, నేను చేస్తానని. కావాలంటే అతని ముందే చేసి చూపిస్తాను. మీకు అక్కడ వేరే పనులు లేకపోవు కదా” అన్నాను. గొంతు మామూలుగానే పెట్టాను. గొంతు కాస్త లేస్తే చాలు, మాట వదిలేసి గొంతు గురించి మాట్లాడతారు.

“మొగుడికొచ్చిన పేరు మొగుడికి దక్కనివ్వవేంటమ్మా?” అంది అత్తగారు. “ఆడదానికి ఇంత పేరుపిచ్చి నేనెక్కడా చూళ్ళేదు.”

“చెప్తే ఏమవుతుందో తెలుసా?” అన్నాడు మా ఆయన. “ఇన్నాళ్ళూ పెళ్ళాం చేసిన పనికి వీడు మీసం తిప్పాడంటారు. నా మొహం ఎక్కడ పెట్టుకోమంటావు?”

నిజం ఆయనకి తెలియక కాదు. తెలుసు. ఎంత బాగా తెలుసంటే ఒక్క ముక్కలో చెప్పేశాడు. ఇన్నేళ్ళూ నేను ఆయన్ని గమనించని మనిషి అనుకున్నాను. పాపం పని ఒత్తిడిలో చూసుకోలేదు, అడిగితే ఒప్పుకుంటాడు అనుకున్నాను. ఆ కాస్త మర్యాద కూడా నేను కల్పించి ఇచ్చిందే.

అంట్లు తోముతూ ఒక్కటే అనుకున్నాను. ఆ పని నాకు కావాలి. నాకు. కావాలి అనే మాట నాలో నేను అనుకుని ఎన్నాళ్ళైందో. వాళ్ళ షెడ్డులో పంపుల కోసం అద్దాల గది ఉందని విన్నాను. అందులో గాలి కూడా వడగట్టి వదులుతారట. నా ఎత్తుకి సరిపోయే బల్ల, దాని మీద ఎవరూ కూరగాయలు పెట్టని బల్ల. ఎవరైనా వచ్చి ఈ పంపు ఎవరు చేశారని అడిగితే, ఆవిడ చేసిందని నా వంక చూపించడం. ఇంతకంటే పెద్ద కోరికలు నాకేమీ లేవు. ఇదే చాలా పెద్దదని మా ఇంట్లో తేల్చేశారు.

మర్నాడు పొద్దున్నే పెద్దమేస్త్రీ వచ్చాడు. నెరిసిన జుట్టు, బనీను మీద పాత కోటు, మోచేతుల దాకా కాలిన మచ్చలు. ఇంజన్ల మధ్య ముసలైపోయిన మనిషని చూడగానే తెలుస్తుంది. నన్ను చూసి, “మంచినీళ్ళు తెచ్చిపెట్టమ్మా” అన్నాడు. తెచ్చాను. గ్లాసు అందుకుంటూ కూడా అతని చూపు కారు మీదే ఉంది.

“ఆ గది చూడొచ్చా?” అన్నాడు మా ఆయనతో.

“లోపల శుభ్రం చేయిస్తున్నానండీ. ఇంకోసారి చూద్దురుగాని” అన్నాడు మా ఆయన. మా అత్తగారు ఇంటికీ షెడ్డుకీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుకుని, లోపలికి దారి లేకుండా కూర్చుంది. ఇలాంటి వాటిలో తల్లీకొడుకులకి మాటలక్కర్లేదు.

“మొన్నటి కారుకి ట్యాంకులో ఉన్న చిన్న పంపు కూడా మార్చమన్నారు” అన్నాడు పెద్దమేస్త్రీ. “పైనున్నది పెద్దది చేశాక, కిందది ఎందుకు?”

మా ఆయన చూపు చటుక్కున నా వైపు వచ్చి వెళ్ళింది. జవాబు సులువే. పైన పంపు ఎంత పెద్దదైనా కిందినుంచి వచ్చిందే కదా తొయ్యగలదు, కింద చాలకపోతే పైన చేసిందంతా దండగ. కింద పంపు మార్చాలని అతనికి ఫోనులో పంపించమని ఆయనకి చెప్పింది నేనే. కారణం మాత్రం ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

“అవన్నీ అనుభవం మీద తెలుస్తాయండీ” అన్నాడు.

“ఊఁ” అన్నాడు పెద్దమేస్త్రీ.

బానెట్ ఎత్తారు. నేను టార్చి పట్టుకుని మా ఆయన ఎడమ పక్కన నించున్నాను. అది నా చోటు. ఇక్కడ మా కాపురంలోని ఒక గుట్టు విప్పాలి. పంపు వంటింట్లో తయారైనా, దాన్ని ఇంజనుకి బిగించాల్సింది షెడ్డులోనే. ఎవరూ లేనప్పుడు నేనే బిగిస్తాను. కొందరు కస్టమర్లు మాత్రం దగ్గరుండి చూస్తామంటారు. మొదటిసారి అలా ఒకతను పక్కన నించుంటే మా ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఏది ముందు విప్పాలో తెలియలేదు. నాకు జాలేసి, చేతిలో ఉన్న టార్చి వెలుతురు తీసుకెళ్ళి వైరు ప్లగ్గు మీద పెట్టాను. ఆయన చెయ్యి దాని వెంట వెళ్ళింది. తర్వాత పెట్రోలు గొట్టం మీద పెట్టాను. అక్కడికి వెళ్ళింది. వెలుతురు గుండ్రంగా తిప్పితే బోల్టు విప్పాలి, కదలకుండా పెడితే ఆగాలి, ఆర్పి వెలిగిస్తే తప్పు. ఇలా అని మేం ఎన్నడూ అనుకోలేదు. ఆ రోజు తర్వాత దాని గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. అయినా అదొక భాష అయిపోయింది. మా ఇద్దరి మధ్యా తడబాటు లేకుండా నడిచిన సంభాషణ అదొక్కటే. జనం మాత్రం, “సార్ చెయ్యి చూశారా, ఒక్క క్షణం కూడా తడుముకోదు” అనేవారు.

ఆ రోజు కూడా అలాగే మొదలైంది. పైపుల్లో ఉన్న ప్రెషర్ వదిలించడం లాంటి ముందు పనులన్నీ పెద్దమేస్త్రీ కాఫీ తాగేలోపు నేనే కానిచ్చాను. అవి ఎవరికీ పనిలా కనపడవు, వంటకి ముందు గిన్నెలు సర్దుకోవడంలాగా. తర్వాత మా ఆయన చొక్కా చేతులు మడిచి రంగంలోకి దిగాడు. ప్లగ్గు మీద వెలుతురు, ప్లగ్గు ఊడింది. గొట్టం మీద వెలుతురు, గొట్టం ఊడింది. ఇనప పైపు, తర్వాత బోల్టులు. పాత పంపు బయటికొచ్చింది. పెద్దమేస్త్రీ తల ఊపుతున్నాడు. మా ఆయనకి ఉత్సాహం వచ్చేసింది. నోరు మొదలైంది. ఫలానా రేసులో తను పంపు వేసిన కారు ఎలా పరిగెత్తిందో, దాని యజమాని తనని ఎలా కావలించుకున్నాడో.

పంపు ఊడిన చోట లోపల చిన్న రోలరు ఉంటుంది. ఇంజను తిరిగేటప్పుడు క్యామ్ అనే ఎగుడుదిగుడు ఇరుసు ఆ రోలరుని పైకీ కిందికీ కొడుతుంటే పంపు పనిచేస్తుంది. కొత్త పంపు పెట్టేముందు ఆ రోలరు అరిగిందేమో చూడాలి. నేను వెలుతురు దాని మీద నిలిపాను. ఆయన మాటల్లో పడి చూసుకోలేదు. నిలిపే ఉంచాను.

“అక్కడేం చూస్తున్నావే, ఇటు పట్టు!” అన్నాడు. అని పెద్దమేస్త్రీ వైపు తిరిగి నవ్వాడు. “లైటు పట్టడం కూడా చేతకాదండీ దీనికి. ఇంట్లో ఊరికే కూర్చుంటే తోచదు కదా అని, కాలక్షేపానికి పక్కన నించోబెట్టుకుంటాను.”

“మా ఇంట్లోనూ అంతేలెండి” అన్నాడు పెద్దమేస్త్రీ. గుమ్మంలోంచి మా అత్తగారు కూడా నవ్వింది. ముగ్గురూ నవ్వుతున్నారు. నవ్వుతున్న వాళ్ళ మొహాలు కనపడుతున్నది నా చేతిలో ఉన్న వెలుతురులోనే.

నాలో ఏదో తెగిపోయింది అని చెబితే వినడానికి బావుంటుంది. ఏదీ తెగలేదు. నిజానికి చాలా హాయిగా అనిపించింది, ఎన్నాళ్ళుగానో మోకాళ్ళ మీద కూర్చుని లేచి నించున్నట్టు. తర్వాత వెలుతురు వెళ్ళాల్సింది ఇంజను ముందు భాగంలో కింద ఉన్న పెద్ద బోల్టు మీదికి. పంపు కూర్చోబెట్టేముందు ఆ బోల్టుకి పొడుగు పానా వేసి ఇంజనుని మెల్లగా చేత్తో తిప్పాలి. క్యామ్ పల్లం వైపు తిరిగి రోలరు బాగా కిందికి దిగినప్పుడే పంపు బిగించాలి. ఎత్తు మీద ఉన్నప్పుడు బిగిస్తే స్ప్రింగు కింద నుంచి తన్నుతూ ఉంటుంది, ఒక పక్క బోల్టు లాగుతూ ఉంటుంది, మధ్యలో చెవి విరుగుతుంది. ఆ రోజు గోడకేసి కొట్టిన పంపు అలా విరిగిందే. నేను ఎప్పుడూ వెలుతురు ఆ పెద్ద బోల్టు మీదికి తీసుకెళ్ళేదాన్ని, ఆయన తిప్పేవాడు. ఎందుకు తిప్పుతున్నాడో ఆయన ఒక్కసారి కూడా అనుకుని ఉండడు.

వెలుతురుని బ్యాటరీ మూత మీద పెట్టి అక్కడే ఉంచాను.

వాళ్ళు ముందే పంపిస్తే నేను వంటింట్లో సిద్ధం చేసి ఉంచిన కొత్త పంపు ఆయన తీసి రంధ్రంలో పెట్టాడు. అది వేలెడు ఎత్తున నిలబడిపోయింది. చేత్తో అదిమాడు. దిగలేదు. బోల్టు ఒకటి తగిలించి నాలుగు చుట్లు తిప్పాడు. పంపు ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు ఆయన కళ్ళు వెలుతురు కోసం వెతికాయి. బ్యాటరీ మూత దగ్గర దొరికింది. అక్కడ చెయ్యాల్సిన పని ఏమిటా అని ఒక్క క్షణం ఆలోచించాడు కూడా. ఆ క్షణం నాకు నవ్వొచ్చింది, సిగ్గులేకుండా చెప్తున్నాను.

“ఇటు పట్టు” అన్నాడు.

“ఎటు?”

“ఇటే!”

“ఎక్కడ పట్టాలో చెప్పండి, పడతాను.”

ఆయన నా వంక చూశాడు. ఆ చూపులో ముందు కోపం ఉంది, తర్వాత బతిమాలడం ఉంది, దాని వెనకే మళ్ళీ కోపం. ఇంటికొచ్చాక చెప్తానని బెదిరించడానికి మేం ఉన్నదే ఇంట్లో. నేను చెయ్యి కదపలేదు. పెద్దమేస్త్రీ రెండడుగులు దగ్గరికి వచ్చాడు.

మా ఆయనకి తెలివిలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పానా కింద పెట్టి భుజం పట్టుకున్నాడు. “పొద్దున్నించీ పట్టేసిందండీ ఈ భుజం. అయినా ఫర్వాలేదు. ఏమే, ఆ పానా తీసుకో. నేను చెప్తుంటాను, నువ్వు చెయ్యి. దీనికి కూడా ఏదో కాస్త నేర్పానులెండి.”

“నేర్పారా? మంచిదే” అన్నాడు పెద్దమేస్త్రీ.

అంతే. ఒక్క మాటలో నా పనంతా మళ్ళీ ఆయన జేబులోకి వెళ్ళిపోయింది. ఇప్పుడు నేను చక్కగా బిగిస్తే, ఎంత బాగా నేర్పాడో చూశారా అంటారు. పాడుచేస్తే, ఎంత నేర్పినా ఆడవాళ్ళకి రాదంటారు. ఈ ఇంట్లో తలుపులన్నీ ఇలాగే తెరుచుకుంటాయి, ఎటెళ్ళినా ఆయన గదిలోకే.

పానా తీసుకున్నాను. “ముందు ఆ వెనక బోల్టు గట్టిగా బిగించు” అన్నాడు మా ఆయన, గొంతు సవరించుకుని.

పానా వెనక బోల్టు మీద పెట్టాను. పెట్టి, పెద్దమేస్త్రీ వైపు తిరిగాను.

“ఈయన చెప్పినట్టే చేస్తాను. పంపు చెవి విరుగుతుంది. పంపు మీది. చెయ్యమంటారా?”

అతను పంపు వైపు చూశాడు. ఒరిగి ఉన్న అంచు వైపు చూశాడు. “ఎందుకు విరుగుతుంది?” అన్నాడు మెల్లగా.

“ఎందుకో మీకు తెలుసు. కింద క్యామ్ ఎత్తు మీద ఉంది. ఇంజను తిప్పలేదు.”

అతనికి తెలుసు. ఇంతసేపూ ఎప్పుడు తిప్పుతాడా అని ఎదురుచూస్తూనే ఉన్నాడని అతని మొహం చూస్తే తెలిసింది. తెలిసి కూడా, నేర్పారా, మంచిదే అన్నాడు. ఒక మగాడు తప్పు చేస్తున్నాడని కళ్ళారా చూస్తూ కూడా, పక్కనున్న ఆడదానికి పని తెలిసుంటుందని ఊహించడం అతని వల్ల కాలేదు.

“అదేనండీ, నేను చెప్పబోతున్నదీ అదే, ముందు ఇంజను...” అన్నాడు మా ఆయన.

“మీరు కాసేపు మాట్లాడకండి” అన్నాడు పెద్దమేస్త్రీ.

నేను ఎవర్నీ లైటు పట్టమని అడగలేదు. టార్చి పళ్ళతో పట్టుకున్నాను. బోల్టు విప్పి పంపు బయటికి తీశాను. గుడ్డ పరిచి దాని మీద పెట్టాను. కింద పెద్ద బోల్టుకి పొడుగు పానా వేసి ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేతి వేలు రోలరు మీద పెట్టాను. మెల్లగా లేచింది. ఇంకా లేచింది. తర్వాత వేలి కింద నుంచి జారినట్టు దిగిపోయింది. ఆ దిగడం నాకు చాలా ఇష్టం. ఎన్నిసార్లు చేసినా ఇష్టమే. రోలరు తీసి చూశాను, అరగలేదు, మళ్ళీ పెట్టాను. రబ్బరు వాషరుకి నూనె రాసి పంపు కూర్చోబెడితే, అదిమే పని లేకుండా తన చోట్లో తను కూర్చుంది. ఈ బోల్టు అర చుట్టు, ఆ బోల్టు అర చుట్టు, సమంగా బిగించుకుంటూ వచ్చాను. వెనక బోల్టు ఇంజనుకీ దాని వెనకున్న కారు రేకు గోడకీ మధ్య ఇరుకులో ఉంటుంది, నా చెయ్యి దూరినంత సులువుగా మరొకటి దూరదు. మోచెయ్యి గీరుకుంది. పట్టించుకోలేదు. ఆ షెడ్డులో పరాయి మనిషి చూస్తుండగా నేను పనిచెయ్యడం అదే మొదటిసారి.

ఇక మిగిలింది ఇనప పైపు ఒక్కటే. పంపులోంచి పెట్రోలుని ఇంజనులోకి తీసుకెళ్ళేది. పాతది మళ్ళీ వాడకూడదు, ఒకసారి బిగించి విప్పితే దాని అంచు నలిగిపోతుంది. కొత్తది కవరు చించి చేతిలోకి తీసుకున్నాను.

“ఈవిణ్ణి మా షెడ్డులో పెట్టుకుంటే మీకేమైనా అభ్యంతరమా?” అన్నాడు పెద్దమేస్త్రీ.

నా వీపు వెనక. మా ఆయనతో.

“అదీ... ఒక్కసారిగా అంటే ఎలా చెప్పమంటారు? ఇల్లూ, అమ్మా... మేమిద్దరం కలిసొస్తే అప్పుడు ఆలోచించొచ్చు. నేను పైపైన చూసుకుంటూ...”

“ఆడపిల్లని ఒంటరిగా ఎక్కడికి పంపుతాం బాబూ?” అంది గుమ్మంలోంచి మా అత్తగారు. ఇన్నేళ్ళకి నేను హఠాత్తుగా ఆడపిల్లనైపోయాను.

“జీతం సంగతి మీతోనే మాట్లాడుకుందాం” అన్నాడు పెద్దమేస్త్రీ, మా ఆయనతోనే.

నేను టార్చి నోట్లోంచి తీసి ఆర్పేశాను. బానెట్ కిందినుంచి బయటికొచ్చి నించున్నాను.

“ఆ మాట నన్నడగండి” అన్నాను.

“ముందు పైపు బిగించు. తర్వాత మాట్లాడుకుందాం” అన్నాడు మా ఆయన.

పైపు నా చేతిలో ఉంది. అది బిగిస్తే తప్ప ఆ కారు అక్కణ్ణించి అంగుళం కదలదు. దాన్ని ఎలా బిగించాలో తెలిసిన మనుషులు ఆ షెడ్డులో ఇద్దరే, నేనూ పెద్దమేస్త్రీ. అతని చేతులు చాలా లావు. నేను మోచేతి మీద కారుతున్న నెత్తురు తుడుచుకుని, గోడకి ఆనుకుని నించున్నాను. నాకేం తొందర లేదు.

పెద్దమేస్త్రీ నా చేతిలో పైపు చూశాడు. నన్ను చూశాడు. పొద్దున నా దగ్గర మంచినీళ్ళు తాగిన మనిషి, నా మొహం చూడటం అదే మొదటిసారి. అతనికి కాస్త సిగ్గేసినట్టుంది. వెయ్యనీ.

“అమ్మా, మీరు చెప్పండి. మా దగ్గర పనికి వస్తారా?” అన్నాడు.

మా ఆయన నా వంక చూస్తున్నాడు. గుమ్మంలో మా అత్తగారు కుర్చీలోంచి లేచి నించుంది. ఇద్దరూ నా నోట్లోంచి ‘మేము’ అనే మాట కోసం చూస్తున్నారు.

“వస్తాను” అన్నాను. “ఒక్కదాన్నే.”